నీళ్ల బండివాళ్లు మళ్లీ వస్తున్నారు! "ది ఎక్స్‌పాన్స్" నాలుగో సీజన్ ఈ శుక్రవారమే

ఆటోనగర్_రోసీ (విజయవాడ) · 2019 డిసెంబరు 11, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఎల్లుండి, డిసెంబరు 13న, అమెజాన్ ప్రైమ్‌లో "ది ఎక్స్‌పాన్స్" అనే అంతరిక్ష సీరియల్ నాలుగో సీజన్ వస్తోంది. పది ఎపిసోడ్లూ ఒకేసారి! మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ చూసి ఏడాదిన్నర అయింది. రెండు రోజులుగా ఏ పని మొదలుపెట్టినా మనసు దాని మీదికే పోతోంది. ఇంట్లో చెప్పుకుందామంటే వినేది నాన్న ఒక్కరే, ఆయనకీ నాకున్నంత ఆత్రమే ఉంది. అందుకే ఇక్కడికొచ్చాను.

మా నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ముప్ఫై ఏళ్లుగా గేరుబాక్సులు విప్పి బిగిస్తున్న చెయ్యి. ఇంగ్లీషు రాదు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం నేను మొదటి ఎపిసోడ్ చూస్తుంటే పక్కన కూర్చుని "ఆ ఓడలో ఏం మోస్తున్నారు?" అని అడిగారు. ఐసు నాన్నా అన్నాను. శని గ్రహం చుట్టూ ఉన్న వలయాల్లోంచి ఐసు గడ్డలు తెచ్చి, గ్రహశకలాల మీద బతికేవాళ్లకి తాగడానికి ఇస్తారని చెప్పాను. "అంటే నీళ్ల ట్యాంకరు" అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు ఎక్స్‌పాన్స్ కాదు, "నీళ్ల బండి". కాంటర్‌బరీ అనే ఆ ఓడ మొదటి ఎపిసోడ్‌లోనే పోయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ నాకు బాగా గుర్తు. కాంటర్‌బరీ నుంచి బయటపడ్డవాళ్లు యుద్ధనౌకలో ఒక గదిలో ఉండగా బయటినుంచి దెబ్బ తగులుతుంది. ఇటు గోడకో చిల్లి, అటు గోడకో చిల్లి, గదిలో గాలి బయటికి పోతోంది. పక్కనున్న మనిషి పోయాడు. అయినా మిగతావాళ్లు ముందు చిల్లులు వెతికి, చేతికందింది పెట్టి మూశారు. నేను బిగుసుకుపోయి చూస్తున్నాను. నాన్న మాత్రం మెల్లగా "చూడు, ముందు చిల్లి మూశారు. తర్వాత ఏడ్చారు. పని తెలిసినోళ్లు" అన్నారు. నేను ఇంజినీరింగ్ చదివాను గానీ, ఆ సీనులో ఏముందో నాకు చెప్పింది ఆయనే.

ఇక్కడ చూసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? బెజవాడ, గుంటూరు వాళ్లు ఒక్కసారి పలకండి.

బ్రాడీపేట_బెరాట్నా (గుంటూరు) · డిసెంబరు 11, రాత్రి 10:05

ఉన్నాం తమ్ముడూ, బ్రాడీపేట నాలుగో లైన్లో ఒక్కణ్నే ఉన్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను! మీ నాన్నగారి మాట చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

2018 మే 11 నాకు ఇంకా కళ్లముందే ఉంది. సైఫై ఛానల్ ఇక నాలుగో సీజన్ తియ్యం అని చెప్పేసిన రోజు. అప్పటికి మూడో సీజన్ సగం కూడా అవలేదు. కథ బాగోక కాదు. ఆ ఛానల్ చేతిలో ఉన్నది అమెరికా టీవీలో మొదటిసారి వేసుకునే హక్కు ఒక్కటే. వేసిన టైముకి టీవీ ముందు కూర్చున్నవాళ్లే వాళ్లకి లెక్క. నెట్‌లో చూసే మనలాంటివాళ్లు ఎన్ని లక్షలమంది ఉన్నా ఆ లెక్కలోకి రారు.

తర్వాత జరిగింది మాత్రం నా జన్మలో మర్చిపోను. లక్షమందికి పైగా పిటిషన్ మీద సంతకం పెట్టారు, నేనూ పెట్టాను. అభిమానులు తలా కాస్త చందా వేసుకుని, అమెజాన్ స్టూడియోస్ మీదుగా ఎక్స్‌పాన్స్‌ని కాపాడండి అని బ్యానరు కట్టిన విమానం తిప్పారు. మే 25న లాస్ ఏంజిలెస్‌లో అంతరిక్ష సదస్సు, నటులంతా అదే హాల్లో ఉన్నారు. అమెజాన్ జెఫ్ బెజోస్ అక్కడే "రోసినాంటే క్షేమం" అని ప్రకటించాడు. రోసినాంటే అంటే కథలో మనవాళ్ల ఓడ. సరిగ్గా రెండు వారాలు! ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

మనం పెట్టిన సంతకం ఎక్కడికో చేరి, అక్కడ ఒక మనిషి "సరే తీద్దాం" అన్నాడు. అది చిన్న సంగతి కాదు.

కొత్తగా_వచ్చా (తెనాలి) · డిసెంబరు 11, రాత్రి 10:31

అన్నలూ, నేను ఇంకా మొదలుపెట్టలేదు. ఒకసారి మొదటి ఎపిసోడ్ సగం చూసి వదిలేశాను. పేర్లు, ఓడలు, పార్టీలు ఏవీ బుర్రకెక్కలేదు. ఇప్పుడు మళ్లీ మొదలుపెడితే ఎక్కుతుందా? కథ క్లుప్తంగా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్_రోసీ · డిసెంబరు 11, రాత్రి 10:50

తప్పకుండా ఎక్కుతుంది. మూడు పక్షాలు గుర్తుపెట్టుకో, చాలు. భూమి: ఐక్యరాజ్యసమితి పాలన, జనం ఎక్కువ, పని తక్కువ. అంగారకుడు: సైన్యం గట్టిది, ఆ గ్రహాన్ని పచ్చగా చెయ్యాలని తరాలుగా కష్టపడుతున్నారు. మూడోది బెల్టు: అంగారకుడికీ గురుడికీ మధ్యనున్న గ్రహశకలాల మీద పుట్టి పెరిగిన కూలీలు. గాలీ నీళ్లూ కూడా కొనుక్కోవాలి. వీళ్ల మధ్య యుద్ధం అంటుకునేలా ఉన్నప్పుడు ఒక నీళ్ల ఓడ పేలిపోతుంది, దాంట్లో పనిచేసే ఐదుగురు మిగులుతారు. మిగతాది చెప్పను.

నాలుగో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టు. ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చిల్లి సీను ముందే చెప్పేశాను, క్షమించు. ఎవరు పోయారో చెప్పలేదులే.

ఫిజిక్స్_మాస్టారు (గుంటూరు) · డిసెంబరు 12, ఉదయం 6:15

నేను ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్తాను. ఈ సీరియల్ నాకు చూపించింది మా విద్యార్థే. "మాస్టారూ, ఇందులో ఓడలు సగం దారిలో వెనక్కి తిరుగుతాయి, ఎందుకు?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో వారం రోజులు పాఠం చెప్పాను.

రోడ్డు మీద బండికి బ్రేకు ఉంటుంది, నేల రాపిడి ఉంటుంది. అంతరిక్షంలో రెండూ లేవు. ఇంజను ఆపినా ఓడ అదే వేగంతో పోతూనే ఉంటుంది. కాబట్టి సగం దారి దాకా ఇంజను వెనక పెట్టి వేగం పెంచుకుంటూ పోవాలి. సరిగ్గా మధ్యలో ఓడని తలకిందులు చేసి, అదే ఇంజనుతో మిగతా సగం వేగం తగ్గించుకుంటూ రావాలి. ఇంకో లాభం ఏమిటంటే, ఇంజను తోస్తున్నంతసేపూ లోపలివాళ్లకి కాళ్ల కింద బరువు ఉంటుంది. అందుకే ఇందులో ఓడలు విమానంలా అడ్డంగా ఉండవు. అపార్ట్‌మెంట్‌లా అంతస్తుల మీద అంతస్తులు, అడుగున ఇంజను.

పిల్లల చేత లెక్క వేయించాను. అంగారకుడు దగ్గరగా వచ్చినప్పుడు దూరం సుమారు 5.6 కోట్ల కిలోమీటర్లు. భూమి మీద మనకుండే బరువంత త్వరణం దారి పొడుగునా ఇవ్వగలిగితే, మధ్యలో తిరగడంతో కలిపి సుమారు 42 గంటల్లో చేరతారు. మధ్యలో వేగం సెకనుకు 740 కిలోమీటర్లు! మన మంగళ్‌యాన్ 2013 నవంబరు 5న బయల్దేరి 2014 సెప్టెంబరు 24న చేరింది. ఆ తేడా అంతా ఇంధనంలోనే ఉంది. అన్ని గంటలు ఆగకుండా మండే ఇంజను మన దగ్గర లేదు. కథలో ఉంది. వాళ్లు కల్పించుకున్నది ముఖ్యంగా ఆ ఒక్క ఇంజను. మిగతా చాలావరకు న్యూటన్ చెప్పినట్టే నడుస్తుంది.

ఒక్క చోట మాత్రం నేను ఒప్పుకోను. సిరీస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని గిర్రున తిప్పి లోపల బరువు పుట్టించామంటారు. సిరీస్ సొంత ఆకర్షణ భూమి ఆకర్షణలో 3 శాతం కూడా లేదు. దాన్ని అంత వేగంగా తిప్పితే ఉపరితలం మీది మట్టీ రాళ్లూ నిలవవు, విసిరేసినట్టు ఎగిరిపోతాయి. అయినా, ఆ తిప్పుడు వల్ల పోలీసు మిల్లర్ గ్లాసులోకి పోసే మందు ధార నిటారుగా పడకుండా పక్కకి వంగుతుంది చూడండి! రెండు సెకన్ల సీను. ఒక్క మాట కూడా చెప్పరు. దాన్ని ఆపి క్లాసులో ప్రొజెక్టరు మీద చూపించాను. కొరియాలిస్ బలం గురించి ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. పిల్లలు "ఓహ్" అన్నది మాత్రం ఆ రోజే.

కృష్ణలంక_కుర్రోడు (విజయవాడ) · డిసెంబరు 12, ఉదయం 7:02

మాస్టారూ, మీలాంటివాళ్లు మాకు ఇంటర్లో ఉంటే ఎంత బాగుండేదో.

నేను నిన్న శ్రీహరికోటలో ఉన్నాను. పినాకినిలో సూళ్లూరుపేట దిగి, షార్ గ్యాలరీలో కూర్చున్నాను. మధ్యాహ్నం 3:25కి పీఎస్‌ఎల్‌వీ-సీ48 లేచింది. పీఎస్‌ఎల్‌వీకి అది 50వ ప్రయోగం. ముందు వెలుగు కనిపిస్తుంది, శబ్దం వెనకాల వస్తుంది. వచ్చినప్పుడు చెవికి కాదు, గుండెకి తగులుతుంది. పక్కన ఒక ముసలాయన మనవణ్ని భుజం మీద ఎక్కించుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఆగలేదు. సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ చంద్రుడికి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సిగ్నలు ఆగిపోయినప్పుడు నేను పడ్డ బాధ నిన్నటితో కొంచెం తీరింది.

ఇవాళ ఇంటికొచ్చాను, రేపు ఎక్స్‌పాన్స్. ఈ వారం నాది.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. పది ఎపిసోడ్లు ఒకేసారి వదలడం నాకు నచ్చలేదు. వారానికొకటి వచ్చినప్పుడు ఏడు రోజులు దాని గురించే ఆలోచించేవాళ్లం, మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఆదివారానికల్లా అయిపోతుంది. మళ్లీ ఏడాది ఎదురుచూడాలి.

బ్రాడీపేట_బెరాట్నా · డిసెంబరు 12, ఉదయం 8:20

దిగులు పడక్కర్లేదు తమ్ముడూ, ఐదో సీజన్ కూడా తీస్తామని జులైలోనే చెప్పేశారు. నాలుగోది రాకముందే! అయినా నీతో ఏకీభవిస్తాను. నేను రోజుకొకటి కంటే చూడను. ఆదివారం పలావు తిన్నట్టు తినాలి గానీ ఒకే పూట కుక్కుకోకూడదు.

పటమట_అక్క (విజయవాడ) · డిసెంబరు 12, ఉదయం 11:10

అందరూ ఓడల గురించే మాట్లాడుతున్నారు. అవసరాల గురించి ఒక్కరూ ఎత్తలేదే?

క్రిస్జెన్ అవసరాల. భూమి రాజకీయాన్ని నడిపే మనిషి, భారతీయ మూలాలున్న నాయనమ్మ. చీరలో, ఒంటినిండా నగలతో ఐక్యరాజ్యసమితి భవనంలో నడిచి వస్తుంటే గదిలో మగవాళ్లంతా సర్దుకుని కూర్చుంటారు. వేసింది ఇరాన్‌లో పుట్టిన షోహ్రే అగ్దాష్‌లూ. ఆ బొంగురు గొంతు ఒక్కసారి వింటే మర్చిపోలేం. నేను ఆఫీసులో మీటింగ్‌కి వెళ్లేముందు ఆవిడ నడకని తల్చుకుంటాను. నిజంగా పనిచేస్తుంది.

ఆంగ్ల సైన్స్ ఫిక్షన్‌లో మన ఆడవాళ్లు ఇన్నాళ్లూ ఎక్కడున్నారు? ఉంటే ఒక మూల డాక్టరు, లేదా రెండు మాటలు చెప్పి పోయే శాస్త్రవేత్త. ఇక్కడ చీర కట్టుకున్న మనిషి ఒక గ్రహం తరఫున నిర్ణయం తీసుకుంటుంది. తప్పూ చేస్తుంది, కొడుకు పోయిన దుఃఖం మోస్తుంది, మనవణ్ని ఎత్తుకుంటుంది. మా అత్తగారు కథ అర్థం కాకపోయినా "ఆవిడొచ్చినప్పుడు పిలువు" అంటారు. కొత్త సీజన్‌లో ఆవిడ ఎన్నికల్లో నిలబడుతోందట, ట్రైలర్లో చూశాను. నాకు హీరో హోల్డెన్ ఏమైనా ఫర్వాలేదు, ఆవిడ ఓడిపోకూడదు.

ఆటోనగర్_రోసీ · డిసెంబరు 12, మధ్యాహ్నం 1:45

అక్కా, మీరు చెప్పాక నాకూ టెన్షన్ మొదలైంది.

ఒక ప్రశ్న చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. నాన్నకి నేను ఆపి ఆపి తెలుగులో చెప్తాను కదా, బెల్టు వాళ్ల భాష దగ్గర ప్రతిసారీ తడబడతాను. అది ఇంగ్లీషు కాదు, పది భాషలు కలిసిన కూలీల భాష. నిక్ ఫార్మర్ అనే భాషావేత్త దాన్ని వ్యాకరణంతో సహా తయారుచేశాడు. "సాసా కే?" అంటే అర్థమైందా, "బెరాట్నా" అంటే అన్నదమ్ముడు, ఇవి సులువే. "బెల్టలోడా" (ఇంగ్లీషులో "వియ్ బెల్టర్స్") దగ్గరే చిక్కు. మీరైతే తెలుగులో ఏమంటారు?

ఫిజిక్స్_మాస్టారు · డిసెంబరు 12, సాయంత్రం 5:30

నా సబ్జెక్టు కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషులో ఒకే "వియ్". మనకి మేము వేరు, మనం వేరు. బెల్టు నాయకుడు డాస్ వచ్చి మిల్లర్‌తో నువ్వు కూడా మావాడివే అని బుజ్జగిస్తూ ఆ మాట అంటే అది "మనోళ్లం". అదే మాట భూమి సైనికుడి మొహం మీద అరిస్తే "మేం బెల్టోళ్లం". మాట ఒకటే, ఎదురుగా ఎవరున్నారో చూసుకుని మార్చాలి. ఆ తేడా పలికించడానికి తెలుగే సరైన భాష.

బ్రాడీపేట_బెరాట్నా · డిసెంబరు 12, సాయంత్రం 6:12

మాస్టారూ, దండం! మిల్లర్ కథంతా ఈ రెండు మాటల్లోనే ఉంది కదా. బెల్టులో పుట్టి భూమి కంపెనీకి పోలీసుగా పనిచేస్తాడు. వాడికి "మేం" అనే హక్కు పోయింది, "మనం" అని పిలిచేవాడు లేడు.

ఇంకోటి, బెల్టు వాళ్లు తల ఊపరు, భుజాలు ఎగరెయ్యరు గమనించారా? చేతుల్తో చెప్తారు. స్పేస్ సూటు లోపల తల ఊపితే ఎవరికి కనిపిస్తుంది? తరాలు అలా బతికాక సూటు విప్పినా అలవాటు పోలేదు. మా నాన్న మిర్చి యార్డులో పనిచేసేవారు. యార్డు నుంచి వచ్చాక ఇంట్లో కూడా మాట్లాడేముందు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకునేవారు. ఘాటు లేకపోయినా సరే. ఆ చేతులు చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

అడ్మిన్ · డిసెంబరు 12, రాత్రి 9:00

రేపటినుంచి కొత్త సీజన్ మాటలు ఉంటాయి కాబట్టి ఒక నియమం. కథ మలుపులు ఆదివారం రాత్రి దాకా ఇక్కడ రాయొద్దు. ఈ సీరియల్‌కి మూలమైన పుస్తకాలు చదివినవాళ్లు "ముందు ముందు చూడండి" అని ఊరించడం కూడా వద్దు. మీకు నచ్చిన దృశ్యం, మీకేమనిపించింది, అంతవరకే.

కృష్ణలంక_కుర్రోడు · డిసెంబరు 13, ఉదయం 6:05

వచ్చేసింది!!! లేవండి అందరూ!

పటమట_అక్క · డిసెంబరు 13, ఉదయం 6:40

చూశాను. మొదటిది పెట్టాను. పాలు పొయ్యి మీద ఉన్నాయి, ఆపలేకపోతున్నాను.

ఆటోనగర్_రోసీ · డిసెంబరు 13, రాత్రి 11:55

పొద్దున్నే పెట్టాలనుకున్నాను. మా వీధిలో కేబుల్ నెట్ తొమ్మిదింటికి పోయి సాయంత్రం ఏడింటికి వచ్చింది. ఫోన్లో చూద్దామా అంటే నాన్న ఒప్పుకోలేదు. "ఏడాదిన్నర ఆగాం, ఏడు దాకా ఆగలేమా, పెద్ద టీవీలోనే చూద్దాం" అన్నారు. షెడ్డు త్వరగా మూసేసి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. పెళ్లికి వెళ్లినట్టు.

ట్రైలర్లో ఉన్నంతవరకే చెప్తాను. మూడో సీజన్ చివర వేరే నక్షత్రాల దగ్గరికి తీసుకెళ్లే 1,300కి పైగా ద్వారాలు తెరుచుకున్నాయి కదా, వాటిలో ఒకదాని అవతలున్న గ్రహం మీద రోసినాంటే దిగుతుంది. ఆ ఓడలో పనిచేసే నవోమి బెల్టులో పుట్టిన మనిషి. గ్రహం మీద కాలు పెట్టడానికి ముందునుంచే మందులు వాడుతుంది, బరువు తట్టుకునేలా ఎముకలు గట్టిపడాలని. అంతా చేసుకుని నేల మీదికి వస్తుంది. పైన కప్పు లేదు. అంత ఆకాశం. గొట్టంలోంచి కాకుండా ఊరికే వచ్చే గాలి. ఆమె మొహంలో సంతోషం, ఆ వెంటే ఒంటి బరువు మోయలేని బాధ, రెండూ ఒకేసారి.

నేను ఆపి చెప్పబోయాను. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "చెప్పక్కర్లేదు. పోనీ" అన్నారు.

మూడేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ అయ్యాక మొదటిసారి గుమ్మం దాటి ఆయన మా వీధిలో నిలబడ్డ రోజు నాకు గుర్తొచ్చింది. ఒక చెయ్యి గోడ మీద ఉంది, కళ్లు పైన వేపచెట్టు మీద ఉన్నాయి. ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. ఆ ఎపిసోడ్ అయ్యాక రిమోటు నా చేతిలోంచి తీసుకుని ఇంకోటి ఆయనే పెట్టారు. మొత్తం మూడు చూశాం. రేపు శనివారం, షెడ్డుకి సగం పూట సెలవన్నారు.

ఫిజిక్స్_మాస్టారు · డిసెంబరు 14, ఉదయం 6:20

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి బాబూ. ఈసారి బెజవాడ వచ్చినప్పుడు ఆటోనగర్ వస్తాను. క్లాసు పిల్లలకి ఒక గేరుబాక్సు విప్పి చూపించాలని ఎప్పటినుంచో ఉంది. ఆయనకి వీలైతే అడగండి.

ఆటోనగర్_రోసీ · డిసెంబరు 14, ఉదయం 8:10

అడిగాను మాస్టారూ. "ఆదివారం ఖాళీ బండి ఉంటుంది, పిల్లల్ని తీసుకురమ్మను, పాత చొక్కాలు వేసుకురమ్మను" అన్నారు.

బ్రాడీపేట_బెరాట్నా · డిసెంబరు 14, ఉదయం 8:32

పిల్లలతోపాటు నేనూ వస్తాను. మాస్టారూ, రైలా బస్సా?

కొత్తగా_వచ్చా (తెనాలి) · డిసెంబరు 15, తెల్లవారుజామున 1:15

రోసీ అన్నా, నాలుగో ఎపిసోడ్ ఇప్పుడే అయింది. ముందే చెప్పినా కూడా ఒళ్లు జలదరించింది. మీ నాన్నగారు అన్నది నిజమే, ముందు చిల్లి మూశారు. ఎనిమిదింటికి లేవాలి. ఐదోది పెట్టేశాను.